రివర్ బెల్ట్ లీగు ఆఖరి సీజను

రివర్ బెల్ట్ ఫుట్‌బాల్ లీగు ఈ భూమ్మీద ఎన్నడూ లేదు. ఆ సంగతి నాకు తెలిసేనాటికే అది ఉందని ముద్ర కొట్టి తాళం వేసేశాను. ఒకాయనకు మంచి చేద్దామని పోయి చేసిన పని అది. నేను మంచి చేద్దామనుకున్నప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుందని మా అమ్మ అంటుంది. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకునేదాన్ని.

మాది నోయిడాలో ఆటల రికార్డులు అమ్మే కంపెనీ. ఏ దేశంలో ఏ ఆట జరిగినా స్కోరు, ఆటగాళ్ల పేర్లు, ఎంతమంది చూశారన్నది, అన్నీ ఎక్కించి పత్రికలకూ టీవీలకూ యాప్‌లకూ ఇస్తాం. నేనుండేది పాత రికార్డుల విభాగం. అందులో తెలుగువాళ్లం ముగ్గురం. నేను హారికను, సిద్దిపేట దాన్ని, ఎక్కించిన లెక్కలు సరైనవో కావో చూడటం నా పని. శివకుమార్ గారిది బాపట్ల. యాభై రెండేళ్ల మనిషి, పంతొమ్మిదేళ్లుగా అదే కిటికీ పక్కన కూర్చుని ఎక్కించే పనే చేస్తున్నాడు. మయూర్ విహార్ నుంచి మెట్రోలో వస్తాడు, డబ్బాలో గోంగూర ఉంటే నన్ను పిలుస్తాడు. మూడో మనిషి మా మేనేజర్ ఇంద్రాణి. వాళ్ల నాన్న కేంద్ర ప్రభుత్వంలో పనిచేయడం వల్ల ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం సగం హిందీ.

పోయిన నవంబరులో మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. కొన్నవాళ్లు వస్తూనే రెండు హుకుములు జారీ చేశారు. మొదటిది రికార్డుల గురించి. ప్రతి వరుసకూ అది ఎక్కడినుంచి వచ్చిందో సోర్సు చూపించాలి. బయట రెండు చోట్ల అదే లెక్క కనిపిస్తే అది నిజం, ఇక ఎవరూ మార్చకుండా దానికి తాళం వేసేయాలి. ఎక్కడా కనిపించకపోతే తీసేయాలి, ఎక్కించినవాడి పేరు పైకి పంపాలి. రెండోది మనుషుల గురించి. ఒక్కొక్కరూ ఒక ఫారం నింపాలి. ఇన్నేళ్లలో మీరు సొంతంగా చేసిందేమిటి, దానికి రుజువేమిటి. ఫారం చూసి సగం మందిని ఉంచుతారు, సగం మందిని పంపుతారు. ఇది ఎవరూ పైకి చెప్పలేదు గానీ టీ బండి భయ్యాకు కూడా తెలుసు.

నా వాటాకు అమెరికా ఫుట్‌బాల్ వచ్చింది, 1940 నుంచి 1960 దాకా. అది కాలితో ఆడే మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్లకు వెళ్తుంది. రెండు నిలువు కర్రల మధ్యనుంచి బంతిని తన్నితే మూడు పాయింట్లు. ఇంతకు మించి నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే మేం చూసేది అంకెలు.

ఆ అంకెల్లో రివర్ బెల్ట్ లీగు తగిలింది. నది పొడవునా ఎనిమిది చిన్న ఊళ్లు, ఎనిమిది జట్లు, 1946 నుంచి 1957 దాకా పన్నెండు సీజన్లు. పద్దెనిమిది వందల పైచిలుకు వరుసలు. అన్నీ శివకుమార్ గారి పేరు మీదే ఎక్కాయి, సోర్సు గడి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఖాళీ.

తీసేసి పేరు పంపాల్సిన దాన్ని, చదవడం మొదలుపెట్టాను. రెండు రోజులు చదివాను. ఆడేవాళ్లంతా కూలీలు, పడవల మీద పనిచేసేవాళ్లు, బడి పంతుళ్లు. గమనికల గడిలో ఎవరూ రాయని ముక్కలున్నాయి. "కోచ్ కూతురి పెళ్లి కారణంగా ఆట గంట ఆలస్యం." "వరద వల్ల అవతలి ఊరి జట్టు రాలేదు, ఇవతలివాళ్లు విజయం వద్దన్నారు." కాల్డర్ మిల్లర్స్ అని ఒక జట్టుంది, పిండిమిల్లు పనివాళ్లది. పన్నెండేళ్లలో ఏడుసార్లు ఫైనల్‌కు వెళ్లి ఏడుసార్లూ ఓడిపోయింది. వాళ్లకు బంతి తన్నేవాడు వాల్టర్ ప్రూయిట్. 1957 ఫైనల్లో ఆఖరి నిమిషంలో వాడు తన్నిన బంతి కర్రకు తగిలి కింద పడింది. గమనికలో ఇలా ఉంది: "ముందు రోజు ప్రూయిట్ రెండు షిఫ్టులు చేశాడు." అది చదివి నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులో నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి, అప్రైజల్ రోజులు కలపకుండా.

ఇంత శ్రద్ధగా ఎక్కించిన మనిషి సోర్సు రాయడం మరిచిపోయాడంతే అనుకున్నాను. నా చేత్తో తీసేస్తే ఆయన పేరు పైకి పోతుంది, ఈ వయసులో ఇంటికి పంపుతారు. బయట వెతికాను. ఒకటి కాదు, మూడు సైట్లలో దొరికింది, అక్షరం పొల్లుపోకుండా. ఆ మూడింటినీ సోర్సు గడిలో నింపాను. పద్దెనిమిది వందల వరుసలకూ "నిర్ధారితం" కొట్టాను. తాళం పడింది.

మర్నాడు టీ బండి దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. "సార్, మీ రివర్ బెల్ట్ మొత్తం పాస్ చేసిన. సోర్సు ఏసుడు మర్చిపోయిన్రు మీరు. నేనే ఎతికి పెట్టిన, మూడు సైట్లల్ల ఉంది."

ఆయన టీ ఉన్న మట్టి కుల్హడ్ పక్కన పెట్టేశాడు. "ఇంకా ఉందా? మూడింట్లోనా? నాకు తెలిసి అప్పట్లో రెండే."

"మూడు. తాళం గూడ ఏసేసిన, ఇగ ఎవ్వలు ముట్టరు."

"తాళం వేసేశావా అమ్మా?" అన్నాడు. "అది నేను కట్టిందమ్మా. అలాంటి లీగు లేదు. ఆ ఊళ్లూ లేవు, ప్రూయిట్టూ లేడు."

నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పన్నెండేళ్ల కిందట మా రికార్డులను వేరే కంపెనీలు దొంగిలించి తమవిగా అమ్ముకునేవి. ఎలా పట్టుకోవాలి? నిజమైన స్కోరు అందరిదీ ఒకటే కదా, మాదే కాజేశారని ఎలా చెప్పడం? అప్పుడు పైన ఉండే సందీప్ అనే ఆయన శివకుమార్ గారిని పక్కకు పిలిచి, లేని లీగు ఒకటి కట్టి లోపల పెట్టమన్నాడు. అది ఎవరి దగ్గర కనిపిస్తే వాడే దొంగ. ఈ పని ఈ వ్యాపారంలో అందరూ చేసేదేనట. దీనికి ఒకటే నియమం, కాగితం మీద పెట్టకూడదు. మెయిల్ ఉండదు, ఫైలు ఉండదు, చెప్పేవాడూ చేసేవాడూ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే అది వల కాదు.

"ఒక్క సీజను చాలన్నారమ్మా ఆయన. నేనే ఆగలేకపోయాను. షిఫ్టయ్యాక గంట కూర్చునేవాణ్ణి. ఎనిమిది నెలలు పట్టింది. అబద్ధం అతికినట్టుండాలి గదా, అందుకని ఆ గమనికలు రాశాను."

"మీరు ఆ ఆట చూసిన్రా ఎప్పుడన్నా?"

"పూర్తిగా ఎప్పుడూ చూళ్లేదు. సగంలో నిద్రొచ్చేసేది."

"మరి కాల్డర్‌ను ఏడుసార్లు ఎందుకు ఓడగొట్టిన్రు సార్? పాపం గదా."

"ఎప్పుడూ ఓడిపోయేవాళ్లు ప్రతి లీగులోనూ ఉంటారు. లేకపోతే ఎవరూ నమ్మరు." తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు. "1958లో గెలిపిద్దామనుకున్నానులే. పది, తొమ్మిది. ప్రూయిట్టే తంతాడు, ఆఖరి నిమిషంలో, ఈసారి మధ్యనుంచే పోతుంది. అది ఎక్కించేలోపు రెండు కంపెనీలు దొరికిపోయాయి. ఇక చాలు, ముట్టుకోవద్దన్నారు సందీప్ గారు."

దొరికినవాళ్లు క్షమాపణలు చెప్పి, ఆ లీగును తీసేస్తామన్నారు. సందీప్‌కు ప్రమోషన్ వచ్చింది. శివకుమార్ గారికి ఒక కాజూ కత్లీ డబ్బా వచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఆయన సొంతంగా చేసిన పని అదొక్కటే, ఫారంలో అదే రాద్దామని పెట్టుకున్నాడు. సోర్సు లేకుండా ఎక్కడా లేని లీగు అని తనిఖీలో తేలితే, అది నా చేతి పని అని ముందుకొచ్చి చెబుదామని ఎదురుచూస్తున్నాడు. ఈలోపు నేను వెళ్లి ఆ లీగు నిజమని తేల్చేశాను. దాన్ని దొంగిలించినవాళ్లనే సాక్షులుగా పెట్టి మరీ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజే తాళం తీయబోయాను. తీయాలంటే ఆ లెక్క తప్పని చెప్పే సోర్సు చూపించమంది సిస్టం. జరిగినదాన్ని జరిగిందని రాస్తారు గానీ, జరగనిదాన్ని జరగలేదని ఏ ఊరివాడు రాసిపెడతాడు?

సందీప్ ఇప్పుడు గురుగ్రామ్‌లో ఇంకో కంపెనీలో పెద్ద స్థానంలో ఉన్నాడు. పార్కింగులో నిలబడి శివకుమార్ గారు ఫోన్ చేశాడు, నేనూ వినాలని స్పీకర్‌లో పెట్టాడు. పలకరింపులు బాగానే అయ్యాయి. లీగు మాట ఎత్తగానే అవతల గొంతు మారిపోయింది.

"శివకుమార్ జీ, ఐసీ కోయీ బాత్ ముఝే యాద్ నహీ, గుర్తే లేదు. అలాంటిది నేనెందుకు చెప్తాను? క్లయింట్లకు అమ్మే డేటా అది."

"సార్, మీ కేబిన్‌లోనే, హోలీ ముందు రోజు..."

"మీ హెల్త్ జాగ్రత్త. మీటింగ్ ఉంది."

శివకుమార్ గారు ఫోను జేబులో పెట్టుకుని, "బిజీగా ఉన్నాడు పాపం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అవసరమున్నప్పుడు భుజం మీద చెయ్యి వేసినవాడు అవసరం తీరాక గుర్తులేదంటే, వాడిమీద జాలిపడే మనిషిని ఏమనాలి? అదే మాట ఆయన మొహం మీద అన్నాను కూడా. ఆయన నవ్వి, లిఫ్ట్ వచ్చింది పదమ్మా అన్నాడు.

ఆ తర్వాతి సోమవారం ఆయన ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో మూడు కాగితాలున్నాయి. ఆయన పాత స్కూటర్ ఆర్సీ, ఇంటర్ హాల్ టికెట్, పెళ్లయిన కొత్తలో తీసుకున్న ఎల్ఐసీ పాలసీ. లీగు కట్టేటప్పుడు ఎంతమంది చూశారన్న గడిలో ఏ అంకె వేయాలో తోచక, తనకు కంఠతా వచ్చిన నంబర్లు వేసేశాడట. 1951 ఫైనల్ చూసినవాళ్లు మూడు వేల నూట ఇరవై ఏడు మంది, స్కూటర్ నంబరు అదే. 1953 మొదటి ఆట, హాల్ టికెట్. 1955 వరద ఆట, పాలసీ ఆఖరి నాలుగంకెలు. నేను సరిచూశాను. ఒక్కటి కూడా తప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం ఇంద్రాణి గదికి వెళ్లాం.

ఇంద్రాణి మూడు కాగితాలూ స్క్రీను పక్కన పెట్టుకుని మెల్లగా చూసింది. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"నేను నమ్ముతున్నా శివకుమార్ జీ. అదే ప్రాబ్లమ్." తలుపు వేసుందో లేదో ఒకసారి చూసుకుంది. "దేఖియే, ఇది నేను పైకి పంపితే, పన్నెండేళ్లు ఫేక్ డేటా అమ్మామని కంపెనీ ఒప్పుకున్నట్టు. ఫేక్ చేసింది ఎవరు? మీరే రాసిచ్చారు, ప్రూఫ్ కూడా మీరే ఇచ్చారు. అప్పుడు డిస్మిస్ చేస్తారు. ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కూడా రాదు. పంపకపోతే మీ ఫారం ఖాళీ. ఖాళీ ఫారం వాళ్లే లిస్ట్‌లో ముందు."

"అంటే ఎటైనా పోవుడేనా మేడమ్?" అన్నాను.

"హా. కానీ ఒకటి క్లీన్‌గా ఉంటుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని చిన్నప్పటినుంచి వింటున్నాను. ఆ రెండింటిలో ఏది శుభ్రంగా ఉందో చూసుకుని దూకమని చెప్పడం అప్పుడే విన్నాను. శివకుమార్ గారు వాదించలేదు. కాగితాలు ఒకటొకటిగా కవర్లో పెట్టుకున్నాడు. ఆర్సీ పాతదై మడత దగ్గర చిరిగింది, దానికి మాత్రం కొంచెం టైం పట్టింది.

"ఠీక్ హై మేడమ్. ఖాళీగానే ఇస్తాను" అన్నాడు.

నేను చేయాల్సిన పని ఒకటుంది. పైకి రాసి పంపాలి: తనిఖీ చేసింది నేను, తప్పు చేసింది నేను, తాళం తీయండి అని. రాశాను కూడా. రెండు రోజులు డ్రాఫ్టులో పెట్టుకున్నాను. ఆయనకు చూపిస్తే, "పంపకు తల్లీ, నాతోపాటు నిన్నూ పంపుతారు, అంతకు మించి ఏం జరగదు" అన్నాడు. ఆ మాట కోసమే చూపించానని ఇప్పుడు నాకు తెలుసు. మా దీపు మూడో తరగతి, మా ఆయనకు నైట్ షిఫ్టులు, ఇవన్నీ లెక్కవేసుకున్నాను. నిజానికి ఇవేమీ కారణం కాదు. భయపడ్డాను. డ్రాఫ్టు తీసేశాను. ఇది రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

లిస్టు జనవరిలో వచ్చింది. శివకుమార్ గారి పేరు ఎనిమిదోది. నెలాఖరుదాకా పనిచేయాలి. ఆయన రోజూ టైముకు వచ్చాడు, టైముకు వెళ్లాడు. బాపట్లలో ఇప్పుడు ఎవరూ లేరు, ఇక్కడ ఆయన వయసువాణ్ణి కీబోర్డు మీద కూర్చోబెట్టేవాళ్లూ లేరు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ పిల్లల రీడింగ్ రూంకు మేనేజర్ కావాలని ఎవరో చెబితే వెళ్లి వచ్చాడు. కుర్రవాళ్లు కావాలన్నారట.

ఆఖరి శుక్రవారం పొద్దున కొత్త సిస్టం ఒక పని పంపింది. రివర్ బెల్ట్ లీగుకు 1958 సీజను లోపించింది, రెండు చోట్ల దొరుకుతోంది, వెంటనే ఎక్కించాలి. ఆ లీగు వరుసలన్నీ శివకుమార్ గారి పేరు మీదున్నాయి కాబట్టి పని ఆయనకే వెళ్లింది. తనిఖీ నాకు వచ్చింది.

నేను కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రెండు సైట్లూ తెరిచాం. ఎవరు రాశారో తెలియదు. యంత్రమే ఖాళీ చూసి నింపిందో, దొంగిలించినవాడికి పన్నెండు చాలలేదో. ఒకడు రాస్తే రెండోవాడు దించుకున్నట్టు కనబడుతూనే ఉంది. శివకుమార్ గారు కళ్లద్దాలు తుడుచుకుని ఫైనల్ దగ్గరికి వెళ్లాడు.

1958 ఫైనల్, కాల్డర్ మిల్లర్స్ గెలుపు. నలభై ఒకటి, సున్నా.

"గెలిచారే" అన్నాడు ఆయన.

కాల్డర్ ఆటగాళ్ల జాబితా ఒకటికి రెండుసార్లు చూశాడు. ప్రూయిట్ లేడు. వాడి బదులు ఎవరో కొత్త పేరు. చూసినవాళ్లు సరిగ్గా ఐదు వేల మంది. గమనికల గడి ఖాళీ.

"నలభై ఒకటేంటమ్మా" అన్నాడు. "ఆ ఊళ్లో అంత గెలుపు ఎవడికీ రాదు. వాళ్లు మిల్లు పనివాళ్లు."

నేను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాను. "సార్, మీరనుకున్నదే ఎక్కియ్యుండ్రి. పది, తొమ్మిది. ప్రూయిట్‌ను పెట్టుండ్రి. నేను పాస్ చేస్త. ఎవ్వలు చూస్తరు?"

నిజంగానే చేసేదాన్ని. ఆ ఒక్కటైనా చేయాలని ఉంది నాకు.

ఆయన నా వైపు తిరిగి మామూలుగా చెప్పాడు, పని నేర్పేటప్పుడు చెప్పినట్టే.

"దానికి సోర్సు లేదమ్మా."

కీబోర్డు దగ్గరికి జరుపుకున్నాడు. వారం వారం ఆటలన్నీ ఎక్కించాడు, ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం తిండికి కూడా లేవలేదు. చివరికి ఫైనల్ వచ్చింది. నలభై ఒకటి కొట్టాడు, సున్నా కొట్టాడు, ఐదు వేలు కొట్టాడు. గమనికల గడిలో కర్సర్ పెట్టి కాసేపు ఆగాడు. ఏమీ రాయకుండానే పంపేశాడు. డబ్బా సంచిలో పెట్టుకుని, మెడలోని కార్డు తీసి ఇంద్రాణి గదిలో ఇచ్చి, వెళ్లొస్తానమ్మా అని నాకు చెప్పి మెట్రోకు వెళ్లిపోయాడు.

ఐదింటికి ఆ వరుసలు నా దగ్గరికి వచ్చాయి. కార్డు వెనక్కి ఇచ్చినవాళ్ల పేర్లు కొత్త సిస్టంలో ఉండవు కాబట్టి, ఎక్కించినవారు అన్న గడిలో 1946 నుంచి అన్ని వరుసల్లోనూ "పాత యూజరు" అని మారిపోయి ఉంది. ఫైనల్ స్కోరును ఒక సైటుతో చూశాను, రెండో సైటుతో చూశాను. రెండూ సరిపోయాయి. తాళం వేశాను.